హూ ముందు కామా

నాంపల్లి కోర్టు గోడ పక్కన
నీలం టార్పాలిన్ కింద నా టైపు మిషను.
ఇరవై రెండేళ్ళుగా
తెలుగులో వచ్చిన ఏడుపుని
ఇంగ్లీషులో రెండు కాపీలు తీసి ఇస్తున్నాను.

మన వాక్యంలో మనిషి ఆఖరున వస్తాడు.
నిన్న రాత్రి మెహదీపట్నంలో
నా బండిని గుద్ది, ఆగకుండా పోయిన,
ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకున్న,
తెల్లచొక్కా వేసుకున్న...
ఊపిరి బిగబట్టి ఇంతసేపు వింటే
అప్పుడు దిగుతాడు మనిషి
ఆఖరి స్టాపులో కండక్టరు తట్టి లేపినట్టు.

ఇంగ్లీషులో అలా కుదరదు.
ముందు మనిషిని బోనులో నిలబెట్టి
హూ అని గొళ్ళెం వేసి
ఆ తరవాతే ఒక్కొక్కటీ తగిలించాలి
చేసినవీ, చేశాడని మనం అనేవీ.

ఇదంతా నేర్పింది పక్క స్టూలు ఖలీలుల్లా సాబ్.
"నువ్వు కూర్చున్న కుర్చీ, నువ్వొచ్చిన బస్సు,
నువ్వు అన్నం తిన్న చెయ్యి...
మీ తెలుగుల అన్నీ ఒక్క దారంతోనే కుడతరు బేటీ.
ఇంగ్లీషోడు చిల్లర లెక్క అడుగుతడు.
కుర్చీ మీదనా, బస్సులనా, చేత్తోనా, చెప్పు."
విచ్ అంటే అద్దెకి తెచ్చిన సూటట.
దట్ అంటే ఇంట్లో లుంగీ,
రోజువారీ రాతకి అదే హాయి.
పోయిన పర్సు గురించి రాసేటప్పుడు అదీ అక్కర్లేదు,
ది పర్స్ ఐ లాస్ట్, అంతే.
పోయినదానికి గొళ్ళెం ఎందుకని నవ్వేవాడు.
హూమ్ మాత్రం దుమ్ము పట్టి ఉంది నా దగ్గర,
నల్లకోటు వకీలెవరైనా వస్తేనే దులుపుతాను.

మొన్న మంగళవారం బోరబండ నుంచి అంజవ్వ వచ్చింది
రేషను కార్డులో పేరు తప్పు పడిందని.
నాతోని ఉంటున్న నా బిడ్డ, అని మొదలుపెట్టింది.
నా వేళ్ళు అలవాటుగా పరిగెత్తాయి.
మై డాటర్, కామా,
హూ లివ్స్ విత్ మీ, కామా.

అక్కడ ఆగాను.
ఆ కామాలు ఉంటే కూతురు ఒక్కతే.
లేకపోతే ఇంకో కూతురు ఇంకెక్కడో ఉన్నట్టు.
తెలుగులో ఈ లెక్క చెవికి తగలదు,
నాతో ఉంటున్న బిడ్డ అంటే
ఒక్కతీ కావచ్చు, నలుగురూ కావచ్చు,
ఎవరూ అడగరు.
నేను అడగాల్సి వచ్చింది.
బిడ్డలెందరమ్మా నీకు?

"ఇప్పుడా?" అంది.

కొంగు ముడి విప్పింది, మళ్ళీ వేసింది.
"పెద్దది ఆరో తరగతిల పోయింది.
గాంధీల పదకొండు దినాలున్నం.
కార్డుల ఎన్నడో కొట్టేసిన్రు."

అయితే కామా సరైనదే అనుకున్నాను.
సర్కారు లెక్కకి సరిపోతుంది.
ఆమె కాగితం మీదికి వంగి
చదువు రాని కళ్ళతో వెతికింది.
"గిదేంది, ఈగ కూసున్నట్టు?"

చెప్పాను. ఉంటే ఏమో, లేకపోతే ఏమో.
వినంగనే ఏమీ అనలేదు.
గోడ అవతల ఎవరినో పేరు పెట్టి మూడుసార్లు పిలిచారు.
ఎవరూ పలకలేదు.

"తీసెయ్."
రెండూనా?
"రెండూ."

వైట్‌నర్ మూత ఎండిపోయి రాలేదు,
పళ్ళతో తీశాను.
ఏ గుమాస్తా చూడబోతాడు ఇంత చిన్న తెలుపుని.
ఊదుతూ ఆరబెడుతుంటే
ఖలీలుల్లా సాబ్ కళ్ళద్దాలు పైకి నెట్టి ఆ వాక్యం చదివాడు,
పెదాలు కదిలాయి హూ దగ్గర.
ఇంగ్లీషులో అది ఎవరు అని.
ఆయన ఇంట్లో మాట్లాడే మాటలో
ఉన్నాను అని.

నలభై రూపాయలిచ్చింది అంజవ్వ.
పది వెనక్కిస్తే తీసుకోలేదు,
ఇద్దరివని రాసినవు కదా అంది.